అంకురాలు రైతు ఊళ్లోనే వేళ్లూనాలి

ఈ మధ్య మన సంఘం మండల సమావేశాల్లో ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. పొలాల మీద డ్రోన్ తిరుగుతోంది. ఫోన్‌లో రెండు మూడు యాప్‌లు ఉన్నాయి. తెగులు సోకిన ఆకు ఫొటో పంపితే మందు పేరు వస్తోంది. విశ్వవిద్యాలయాల అండతో కంపెనీలు పెట్టిన యువకులు ఊళ్లకు వచ్చి ప్రదర్శనలు ఇస్తున్నారు. ఇవన్నీ చూసిన ఒక పెద్దాయన సమావేశంలో లేచి, "అంతా బాగానే ఉందయ్యా. వీళ్లంతా మన పేరు చెప్పుకొని కంపెనీలు పెడుతున్నారు. మన చేతికి వచ్చిందేమిటి?" అని అడిగారు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకున్నట్టుందన్నారు. ఆ మాటను చప్పట్లు కొట్టి వదిలేయడం సరికాదనిపించింది. అందుకే ఈ నెల సంపాదకీయంలో దానినే చర్చకు పెడుతున్నాం.

ముందుగా అసలు ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. కొత్త ఆలోచనతో మొదలయ్యే చిన్న కంపెనీని అంకుర సంస్థ లేదా స్టార్టప్ అంటున్నారు. అలాంటి సంస్థలకు మొదటి రోజుల్లో కూర్చునే చోటు, ప్రయోగశాల, శాస్త్రవేత్తల సలహా, రిజిస్ట్రేషన్లలో సాయం, కొంత పెట్టుబడి అందించే కేంద్రాన్ని ఇంక్యుబేటర్ అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే అది నారుమడి. నారుమడి గురించి రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మడిలో నారు ఎంత పచ్చగా ఉందన్నది లెక్క కాదు. పొలంలో నాటాక బతికి దుబ్బు కట్టిందా లేదా అన్నదే లెక్క.

ఈ నారుమళ్లకు నీళ్లు పెడుతున్నది ప్రజాధనం. కేంద్ర ప్రభుత్వం 2018-19లో రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద 'రఫ్తార్' పేరుతో వ్యవసాయ అంకుర సంస్థలకు సాయం ప్రారంభించింది. మార్గదర్శకత్వం కోసం దేశంలో 5 సంస్థలను, వాటి కింద 24 ఇంక్యుబేటర్లను ఎంచుకుంది. వీటిలో చాలావరకు వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, జాతీయ పరిశోధనా సంస్థల్లో ఉన్నాయి. ఆలోచన దశలో ఉన్నవారికి రూ.5 లక్షల వరకు, వ్యాపారం మొదలుపెట్టే దశలో ఉన్నవారికి రూ.25 లక్షల వరకు గ్రాంటు ఇస్తామని ప్రకటించింది. గ్రాంటు అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు. రైతు తీసుకునే పంట రుణానికి వడ్డీ రాయితీ ఆలస్యమైతే ఏమవుతుందో మనకు తెలుసు. కాబట్టి తిరిగి కట్టనక్కరలేని ప్రజాధనం ఎవరి కోసం ఖర్చవుతోందని అడిగే హక్కు మనకు ఉంది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ పని జరుగుతోంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం తిరుపతి ప్రాంతీయ పరిశోధనా కేంద్రంలో 'పోషణ్' పేరుతో ఇంక్యుబేటర్ నడుపుతోంది. తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నాబార్డు సాయంతో రాజేంద్రనగర్‌లో 'అగ్‌హబ్' నెలకొల్పింది. దానికి జగిత్యాల, వరంగల్, వికారాబాద్‌లలో గ్రామీణ శాఖలు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'ఇంటికొక పారిశ్రామికవేత్త' అంటూ 2025లో ఐదు ప్రాంతీయ కేంద్రాలతో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించింది. ఈ ప్రయత్నాలను మేము వ్యతిరేకించడం లేదు. డిగ్రీ చదివిన రైతుబిడ్డ నగరంలో పదిహేను వేల జీతానికి వెళ్లకుండా ఊరి దగ్గరే నిలదొక్కుకుంటే సంతోషించేది మొదట మనమే. మా అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ అంకురాల విజయాన్ని ఏ కొలతతో కొలుస్తున్నారన్నదే మా ప్రశ్న.

ఎన్ని స్టార్టప్‌లకు శిక్షణ ఇచ్చాం, ఎన్నింటికి గ్రాంటు ఇచ్చాం, వాటికి ఎన్ని కోట్ల ప్రైవేటు పెట్టుబడి వచ్చింది అని నివేదికల్లో రాస్తున్నారు. వాటి వల్ల ఎంతమంది రైతుల ఖర్చు తగ్గింది, ఎంతమందికి క్వింటాలుకు ఎంత అదనంగా దక్కింది, ఎన్ని ఊళ్లలో కొత్తగా పని దొరికింది అనే లెక్క మన ముందుకు రావడం లేదు. మాకు కావలసింది ఆ లెక్క.

విశ్వవిద్యాలయం నుంచి రైతుకు మేలు ఎలా చేరుతుందో మన అనుభవంలోనే ఉంది. మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మన రాష్ట్రం దాటి తూర్పు భారతమంతా పాకింది. బాపట్ల ఇచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఇవాళ్టికీ సన్నబియ్యం అంటే గుర్తుకొచ్చే పేరు. కదిరి వేరుశనగ రకాలు అనంతపురం మెట్ట రైతును ఎన్నో కరువుల్లో ఆదుకున్నాయి. ఈ విత్తనాలకు యాప్ లేదు, ప్రకటనలు లేవు. ఒక రైతు పండించి పక్క రైతుకు ఇచ్చాడు. మరుసటి ఏడు దాచుకుని వేసుకున్నాడు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడా విత్తనాన్ని దాచుకునే, పంచుకునే ఈ హక్కును గుర్తించింది. ప్రజల సొమ్ముతో పుట్టిన జ్ఞానం ప్రజల చేతుల్లోకి వెళ్లిన తీరు అది. నేడు విశ్వవిద్యాలయాలు తమ పరిశోధన ఫలితాలను ఒప్పందాల మీద కంపెనీలకు ఇస్తున్నాయి. ఇచ్చే ముందు, అది రైతుకు ఏ ధరకు చేరుతుందో ఒప్పందంలోనే రాసి ఉండాలి.

రంగా గారి పేరును విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. ఆయన 1930ల్లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. పల్లె యువకులకు చదువుతోపాటు తమ హక్కులు తెలిసేలా చేయడం దాని ఉద్దేశం. ఆ పేరు మోస్తున్న సంస్థ ఇంక్యుబేటర్ గుమ్మంలోకి సామాన్య రైతు కుటుంబం నుంచి ఎంతమంది అడుగుపెడుతున్నారో చూసుకోవడం న్యాయం.

ఇక ప్రాంతాల సంగతి చూద్దాం. 2003లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వ్యవసాయ ఇంక్యుబేటర్ ప్రారంభించింది. తర్వాత రాజేంద్రనగర్ వైపు నార్మ్, మేనేజ్, చిరుధాన్యాల పరిశోధనా సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం అన్నీ ఇదే పనిలోకి వచ్చాయి. అంటే ఒక్క హైదరాబాద్ చుట్టూనే ఇన్ని కేంద్రాలు ఉన్నాయి. ఉట్నూరు నుంచో, పాడేరు నుంచో, మడకశిర నుంచో బయల్దేరిన యువకుడికి అక్కడికి చేరడమే ఒక ఖర్చు. గ్రామీణ శాఖలు పెట్టడం మంచి అడుగే. అయితే శాఖ అంటే ఒక గది, ఒక బోర్డు కాకూడదు. అక్కడ పనిచేసే యంత్రం, నమూనాలు పరీక్షించే ప్రయోగశాల, నిర్ణయం తీసుకునే అధికారి ఉండాలి.

మేము గమనించినంతలో వ్యవసాయ అంకుర సంస్థలు మూడు రకాలుగా ఉన్నాయి. మొదటి రకం రైతుకు అమ్మేవి. సలహా, మందు, పరికరం, డ్రోన్ సేవ ఇందులోకి వస్తాయి. రెండో రకం రైతు దగ్గర కొనేవి. ఊళ్లో కొని నగరంలో అమ్ముతాయి. మూడో రకం రైతులు, రైతు కూలీలు, మహిళా సంఘాలు తామే పెట్టుకునేవి. మొదటి రెండు రకాలకు పెట్టుబడిదారులు దొరుకుతారు. మూడో రకానికి దొరకరు. ప్రజా విశ్వవిద్యాలయం చేయి అందించవలసింది అందుకే మూడో రకానికి. ఇప్పుడు వరుస తలకిందులుగా ఉంది.

డ్రోన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఎకరాకు పిచికారీ కూలి రూ.400 అనుకుందాం. ఒక ఊళ్లో 500 ఎకరాలకు సీజన్‌లో మూడుసార్లు కొడితే రూ.6 లక్షలు. బయటి కంపెనీ వచ్చి కొడితే ఆ డబ్బు ఊరు దాటి పోతుంది. పైగా మందు కొట్టి బతికే కూలీల పని కూడా పోతుంది. అదే డ్రోన్ ఊరి మహిళా సంఘానిదో, రైతు ఉత్పత్తిదారుల సంస్థదో అయి, నడిపేది ఆ కూలి కుటుంబంలోని కుర్రాడే అయితే డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. కేంద్రం ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల సాయం ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు డ్రోన్ శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. యంత్రం ఒకటే, శిక్షణ ఒకటే. యజమాని ఎవరన్న దగ్గరే తేడా అంతా.

రెండో ఉదాహరణ మామిడి. 2025 వేసవిలో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి రైతు పడిన అవస్థ ఇంకా ఎవరూ మరచిపోలేదు. అంతకుముందు ఏడాది గుజ్జు నిల్వలు మిగిలాయని ఫ్యాక్టరీలు కొనుగోలు తగ్గించాయి. కాయల ట్రాక్టర్లు గేట్ల ముందు రోజుల తరబడి బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు రూ.12 వచ్చేలా ఫ్యాక్టరీలు రూ.8, తాను రూ.4 ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ రూ.8 కూడా దక్కడం లేదని రైతులు రోడ్డెక్కారు. సరిగ్గా ఆ ప్రాంతంలోనే, తిరుపతిలో, వ్యవసాయ ఇంక్యుబేటర్ ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. మేము ఎవరినీ నిందించడం లేదు. గుజ్జు నిల్వచేసే పెద్ద యంత్రాలకు కోట్లు కావాలని, ధర పతనాన్ని ఒక ఇంక్యుబేటర్ ఆపలేదని మాకూ తెలుసు. కానీ పది ఊళ్ల రైతులు కలిసి నడుపుకోగల చిన్న గుజ్జు యూనిట్ ఎలా ఉండాలి, తాండ్రకు, ఒరుగులకు పరిశుభ్రమైన ఆరబెట్టే యంత్రం ఎంతలో వస్తుంది, ఆహార లైసెన్సు ఎలా తీసుకోవాలి అన్నవి విశ్వవిద్యాలయం జవాబు చెప్పగల ప్రశ్నలే. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల రాయితీ ఇచ్చే కేంద్ర పథకం 2020 నుంచి ఉంది. రాయితీ ఒక చోట, శాస్త్రవేత్త ఒక చోట, రైతు ఇంకో చోట ఉన్నారు. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టేవారు లేరు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. వరి వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, మామిడి వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయానిది, పాడి పశువైద్య విశ్వవిద్యాలయానిది. రైతు ఇంట్లో మాత్రం ఈ మూడూ ఒకే చూరు కింద ఉంటాయి. మూడు కార్యాలయాలు తిరిగే ఓపిక రైతుకు లేదు. విశ్వవిద్యాలయాలు వేరుగా ఉన్నా జిల్లాలో తలుపు ఒకటే ఉండాలి.

ఆ తలుపు దగ్గరకు చేరినా లోపలికి వెళ్లడం సులభం కాదు. దరఖాస్తు, వ్యాపార ప్రణాళిక, ఎంపిక కమిటీ ముందు పది నిమిషాల ప్రసంగం చాలావరకు ఇంగ్లిషులోనే సాగుతాయి. నేల మీద పని తెలిసినవాడికి ఆ భాష రాదు. ఆ భాష వచ్చినవాడికి చాలాసార్లు నేల తెలియదు. గ్రాంటు చాలక బ్యాంకుకు వెళితే తాకట్టు అడుగుతారు. పట్టాదారు పాసు పుస్తకం లేని కౌలు రైతు కొడుకు ఏం చూపిస్తాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ఉన్నా కౌలు కార్డు మీద పంట రుణమే గగనంగా ఉంది. ఇక వ్యాపార రుణం మాటేమిటి? 2002లో మొదలైన అగ్రి క్లినిక్ పథకంలో 45 రోజుల ఉచిత శిక్షణ, వ్యక్తికి రూ.20 లక్షల వరకు రుణం, 36 నుంచి 44 శాతం రాయితీ ఉన్నాయి. శిక్షణ పొంది సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకు మెట్ల దగ్గర ఆగిపోయిన యువకులు మన సభ్యుల ఇళ్లలోనే ఉన్నారు.

కొత్త ఆలోచన ప్రయోగశాలలోనే పుడుతుందనుకోవడం కూడా పొరపాటు. ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం ఆసు పోస్తూ తల్లి పడే భుజాల నొప్పి చూడలేక యంత్రం కనిపెట్టారు. బడి చదువు పూర్తి చేయనివారాయన. ఎన్నో ఏళ్ల అప్పుల తర్వాత 1999లో ఆ యంత్రం పూర్తయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. మన ఊళ్లలో కలుపు తీసే పరికరాన్ని సైకిలు చక్రంతో చేసుకున్నవారు, మోటారుకు సొంతంగా స్టార్టర్ అమర్చుకున్నవారు ఎందరో ఉన్నారు. వాళ్లను వెతికి, వాళ్ల పేరు మీదనే హక్కు నమోదు చేయించి, ఇంజినీరింగ్ విభాగం చేత మెరుగులు దిద్దించడం విశ్వవిద్యాలయం పని. చివరి సంవత్సరం వ్యవసాయ విద్యార్థులు ఎలాగూ ఊళ్లలో ఉండి పని నేర్చుకుంటారు. 2015లో దేశమంతా ప్రారంభించిన 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమం పూర్తి పేరులోనే గ్రామీణ పారిశ్రామికత అనే అర్థం ఉంది. ప్రతి విద్యార్థి బృందం తాను ఉన్న ఊళ్లో ఇలాంటి ఒక్క పనిముట్టును నమోదు చేసినా కొన్నేళ్లలో పెద్ద సంపద అవుతుంది.

రైతుకు ఎదురయ్యే ప్రమాదాల గురించి కూడా మాట్లాడుకోవాలి. అంకుర సంస్థల్లో చాలా మూతపడతాయి. అది వ్యాపారంలో సహజమని చెబుతారు. పెట్టుబడిదారుడికి సహజం కావచ్చు. ఆ సంస్థకు టమాటా పోసి నెల రోజులుగా డబ్బు కోసం ఎదురుచూస్తున్న రైతుకు సహజమా? విశ్వవిద్యాలయం బొమ్మ కరపత్రం మీద ఉంటే రైతు నమ్ముతాడు. ఆ నమ్మకానికి విశ్వవిద్యాలయం జవాబుదారీ కావాలి. అలాగే ప్రయోగం పేరుతో మన పొలంలో కొత్త మందు, కొత్త ఎరువు వేసి పంట దెబ్బతింటే పరిహారం ఎవరిదో ముందే రాసుకోవాలి. మన భూమి, పంట, అప్పు వివరాలు యాప్‌లోకి ఎక్కిస్తున్నారు. 2023లో వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ వివరాలు ఎవరి దగ్గరకు వెళతాయో తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. అర్థం కాని పేజీ కింద వేలు నొక్కించుకోవడం సమ్మతి కాదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. సొంత వ్యాపారం పెట్టుకోమన్న నినాదం ప్రభుత్వం తన బాధ్యత దించుకోవడానికి సాకు కాకూడదు. విశ్వవిద్యాలయాల్లో శాస్త్రవేత్తల, అధ్యాపకుల ఖాళీలు ఏళ్ల తరబడి నిండడం లేదు. పొలానికి వచ్చి చూసే విస్తరణ అధికారి తగ్గిపోయి, ఆ స్థానంలో డబ్బు కట్టే యాప్ వస్తే అది పురోగతి కాదు. ఏ స్టార్టప్ కూడా గిట్టుబాటు ధరకు ప్రత్యామ్నాయం కాదు. స్వామినాథన్ కమిషన్ చెప్పిన ఖర్చుకు ఒకటిన్నర రెట్ల మద్దతు ధర, దానికి చట్టబద్ధత అనే మన డిమాండ్ చెక్కుచెదరదు.

ఈ నేపథ్యంలో రెండు రాష్ట్రాల ప్రభుత్వాల ముందు, విశ్వవిద్యాలయాల ముందు మేము ఈ కోర్కెలు పెడుతున్నాం.

1. ఇంక్యుబేటర్ ఎంపిక కమిటీల్లో రైతు సంఘాల, కౌలు రైతుల, మహిళా సంఘాల ప్రతినిధులకు ఓటుతో కూడిన స్థానం ఇవ్వాలి.

2. దరఖాస్తు, ప్రణాళిక, ముఖాముఖి అన్నీ తెలుగులో జరిగే అవకాశం ఉండాలి. ఉర్దూ, గిరిజన భాషలు మాట్లాడేవారికి సహాయకుడిని ఇవ్వాలి.

3. గ్రాంటు మొత్తంలో సగం రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు, సహకార సంఘాలకు, భూమి లేని కుటుంబాల యువతకు, వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో చదివిన గ్రామీణ యువతకు కేటాయించాలి.

4. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలో ఆ జిల్లా ప్రధాన పంటకు సంబంధించిన ఒక ఉమ్మడి శుద్ధి యూనిట్, నాణ్యత పరీక్షా ప్రయోగశాల పెట్టి, అద్దె పద్ధతిలో రైతు బృందాలకు ఇవ్వాలి.

5. రైతుల దగ్గర సరుకు కొనే అంకుర సంస్థ నుంచి బ్యాంకు హామీ తీసుకోవాలి. నిర్ణీత గడువులో డబ్బు చెల్లించకపోతే ఆ హామీ నుంచి చెల్లించాలి.

6. ఏ సంస్థకు ఎంత గ్రాంటు ఇచ్చారో, అది ఏ ఊళ్లలో పనిచేస్తోందో, రైతులకు ఎంత చెల్లించిందో, మూతపడితే ఎందుకు మూతపడిందో ఏటా తెలుగులో ప్రకటించాలి. రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో ఆ పట్టిక అంటించాలి.

అడగడంతో మన పని అయిపోదు. మన వైపు లోపాలు కూడా ఒప్పుకోవాలి. 2020లో 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం వచ్చింది. సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా రూ.2 వేల వరకు, సంస్థకు రూ.15 లక్షల వరకు మూలధన సాయం ఉంది. మన చుట్టూ ఏర్పడిన సంస్థల్లో కొన్ని బోర్డుకే పరిమితమయ్యాయి. కొన్నింటిని ఎరువుల వ్యాపారులే వెనక నుంచి నడుపుతున్నారు. సర్వసభ్య సమావేశానికి వెళ్లి లెక్క అడగని తప్పు మనదే. పరిశోధనా కేంద్రం పక్క మండలంలోనే ఉన్నా విత్తనాల రోజు తప్ప మరోసారి గేటు దాటని మాట కూడా నిజమే.

అందుకని ప్రతి మండల కమిటీకి ఒక పని అప్పగిస్తున్నాం. రాబోయే సమావేశంలో మీ మండలంలో రైతుకు నష్టం తెస్తున్న మూడు సమస్యలు రాయండి. పంట కోత తర్వాత నష్టమా, కూలి ఖర్చా, నిల్వా, రవాణానా స్పష్టంగా రాయండి. ఊళ్లో సొంతంగా పనిముట్టు చేసుకున్నవారి పేరు, చదువుకుని ఖాళీగా ఉన్న యువతీ యువకుల పేర్లు చేర్చండి. ఆ కాగితం తీసుకుని పదిమంది కలిసి దగ్గరలోని పరిశోధనా కేంద్రానికో, కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. జవాబు వచ్చినా రాకపోయినా మాకు రాయండి. మంచి జవాబు ఇచ్చిన కేంద్రం పేరును ఇదే పత్రికలో సంతోషంగా ప్రచురిస్తాం. యువతకు ఒక జాగ్రత్త కూడా చెబుతున్నాం. గ్రాంటు వేరు, రుణం వేరు. ఇల్లు, పొలం తాకట్టు పెట్టే ముందు సంఘంలో పెద్దలతో ఒక్కసారి లెక్క వేయించుకోండి.

ఆ పెద్దాయన ప్రశ్నకు ఇవాళ మన దగ్గర పూర్తి జవాబు లేదు. విశ్వవిద్యాలయాల దగ్గరా లేదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కనుక లేదు. వచ్చే ఏడాది ఇదే మండల సమావేశంలో ఆయన మళ్లీ లేచి అడుగుతారు. ఆ రోజుకు మన చేతిలో రసీదులు, వాటికి వచ్చిన జవాబులు ఉండాలి.